ఏడో ఇంటి మధ్యాహ్నం

పంతొమ్మిదేళ్లుగా పార్వతీశాన్ని ఒక సందేహం వదలడం లేదు. చీటీలో నెంబరు పడేది దేవుడి ఇష్టం వల్లా, తన వేళ్ల వల్లా?

ఊరూరా తిరిగి సర్వే ప్రశ్నలు అడగడం అతని పని. వీధికి ఒక్క ఇంటినే అడగాలి. ఆ ఇల్లు ఏదన్నది చీటీ తీసి తేల్చాలని ఆఫీసు నియమం. చీటీల డబ్బాను నరసింహస్వామి పటం ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని తీయడం అతని అలవాటు.

పంతొమ్మిదేళ్ల కిందట మేదరవీధికి ఏడో నెంబరు వచ్చింది. ఆ ఇంటి గున్నమ్మ మంచినీళ్లిచ్చి, చెమట పట్టిందని తను అల్లిన వెదురు విసనకర్ర చేతికిచ్చింది. ఇంట్లో ఎంతమంది అని అడిగితే మాత్రం ఎంతసేపటికీ నోరు విప్పలేదు. ఎండ మండిపోతోంది. సాయంత్రం వస్తానని చెప్పి లేచాడు. ఎనిమిదో ఇంటివాళ్ల జవాబులు ఏడో ఇంటి కాగితంలో రాసేసి ఊరు దాటాడు. విసనకర్ర చేతిలోనే వచ్చేసింది. నాటినుంచీ పూజలో స్వామికి దానితోనే విసురుతున్నాడు.

ఈ ఉదయం డబ్బాలోని చీటీలన్నిటి మీదా ఏడే ఉంది. ఆఫీసుకు ఫోన్ చేస్తే, అయితే మేదరవీధికే వెళ్లమంటారు. పొద్దు గుంకగానే జాబితా మూసేస్తారట. అడగకుండా మిగిలిపోయిన ఇల్లు ఆ తర్వాత ఎవరికీ కనపడదట.

విసనకర్ర సంచిలో పెట్టుకుని బయలుదేరతాడు. మేదరవీధిలో ఆరిళ్లు లెక్కపెడతాడు. ఏడో ఇంటి చోట ఊడిన పన్ను జాగాలా ఖాళీ ఉంది. పక్క అరుగు మీద ఎనిమిదో ఇంటి ఎర్రినాయుడు కూర్చుని ఉన్నాడు. ఏ సర్వే వచ్చినా జవాబులు చెప్పేది అతనే.

"మా ఇంట్లో మాటలన్నీ మీ కాగితాల్లోకే ఎల్లిపోనాయి బాబూ. మా ఆడదాన్ని కూరెయ్యమనాలన్నా సైగలే. మీకోసమని ఈ నాలుగు ముక్కలూ దాసినాను. ఇంక నన్నొగ్గీండి," అంటాడు. తర్వాత నోరు తెరిచి చూపిస్తాడు. ఊడ్చిన గదిలా శుభ్రంగా ఉంది. వేలితో వీధి చివరకు చూపుతాడు.

గున్నమ్మ ఇల్లు అక్కడ నిలబడి ఉంది. పార్వతీశం ఒకటి అనుకుంటూ అడుగు వేస్తే ఇల్లు ఒకడుగు వెనక్కి వేస్తుంది. రెండు అనుకుంటే మరొకటి. నూరు దాటేసరికి వెనకనున్న ఇళ్లు అగ్గిపెట్టెలంత అవుతాయి. పొద్దు వాలుతోంది. అతను లెక్క మానేసి, గోవింద నామం తలుచుకుంటూ నడుస్తాడు. ఇల్లు ఆగుతుంది.

లోపల ఇంకా మిట్టమధ్యాహ్నమే. గున్నమ్మ ఆనాటి గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. గ్లాసు తడి ఆరలేదు.

"సాయంత్రం వత్తానన్నావు గదా నాయినా. నువ్వొచ్చేదాకా ఆ సాయంత్రాన్ని గుమ్మం దాటనివ్వనేదు. అదొచ్చీసి నువ్వు రాపోతే, నీ మాట అబద్ధమైపోద్ది గదా."

పంతొమ్మిదేళ్లుగా ఆమె రాత్రి అన్నం వండలేదు. నడుం వాల్చలేదు. పార్వతీశం నేల మీద కూర్చుని కాగితం తీస్తాడు. ఇంట్లో ఎంతమంది అమ్మా అని అడుగుతాడు. ఆమె మాట్లాడదు. ఈసారి అతను లేవడు.

"అప్పటికి నెల తిరగనేదు, మా ఇంటాయన పోయి," అంటుంది చాలాసేపటికి. "ఇద్దరమనాలో, ఒకర్తిననాలో తెలీనేదు. ఇప్పుడు ఒకర్తినే. రాసుకో."

రాస్తాడు. ఆ ఒకటి రాయడానికి కలంలో సిరా అంతా పడుతుంది. ఇక దాచుకోలేక, ఆనాడు మీ ఇంటి చీటీ ఎవరు తీశారంటావు, నేనా, ఆ దేవుడా అని అడిగేస్తాడు.

"ఎవులు తీస్తే ఏటి నాయినా, రావలసినోడివి నువ్వే గదా."

ఆమె లేచి, నేల మీది మధ్యాహ్నాన్ని చాపలా చుట్టి మూలకు నిలబెడుతుంది. దాని కింద నేల తడిగా, చల్లగా ఉంది. గుమ్మంలో కాచుకుని ఉన్న సాయంత్రం కాళ్లు దులుపుకుని లోపలికి వస్తుంది.

పార్వతీశం సంచిలోంచి విసనకర్ర తీసి రెండు చేతులతో ఆమెకు ఇస్తాడు. కర్పూరం వాసన వేస్తోంది. గున్నమ్మ అల్లిక తడిమి చూసుకుని, ఒక్కసారి విసురుకుంటుంది. ఆ గాలికి ఇల్లు వణికి, మళ్లీ వీధిలోకి నడిచొచ్చి, నిలబడి నిలబడి వాచిన కాళ్లు మడుచుకుని, ఏడో చోట మెల్లగా కూర్చుంటుంది.