ఉల్టా పడిన బ్లేడు

లోయిస్‌కి రాని పని లేదని సిరిగేరిలో ఎవరూ అనరు. ఆమె మాత్రం అంటుంది. ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టి, సూదిబెజ్జం కంటికి ఆనడం మానేశాక మిషన్ని మూలకు నెట్టింది. బళ్లారి నుంచి సెకండ్ హ్యాండ్ బ్యాండ్‌సా తెచ్చి వసారాలో పెట్టుకుంది. కింద ఒక చక్రం, పైన ఒక చక్రం, వాటి మీద పట్టీలా చుట్టూ తిరిగే రంపం. ఆర్నెల్లలో రెండు స్టూళ్లు చేసింది. ఒకటి కొంచెం ఊగుతుంది గానీ, అది నేల తప్పని ఆమె తీర్పు.

ఇప్పుడు అసలు పరీక్ష వచ్చింది. చర్చిలో పాత బెంచీలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. లోయిస్ వాళ్ల నాయన సంఘపెద్దగా నలభై ఏళ్లు వీపు ఆనించి కూర్చున్న టేకు పలకను కుటుంబానికే ఇచ్చేశారు. అది నాదంటే నాదని లోయిస్, వాళ్లక్క జయశీల నెల రోజులు మాట్లాడుకోలేదు. చివరికి దారి చెప్పింది లోయిస్సే. పలక రెండంగుళాల మందం. ఆ మందాన్ని నడిమికి చీలిస్తే ఇద్దరికీ నిండు పలకే వస్తుంది. జయశీల సరేనంది గానీ, రంపం ఒక్క నూలు పక్కకు పోయి పలక పాడైతే తన గడప తొక్కొద్దని చెప్పింది. చెప్పి ఊరుకోక, కోత చూడ్డానికి వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

లోయిస్ ప్లగ్గు పీకి కొత్త బ్లేడు ఎక్కించింది. మర తిప్పి బిగించి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ, బ్లేడు చక్రం నడిమధ్యనే నడిచేదాకా పై చక్రం వంపు సరిచేసింది. బ్లేడుకు అటూ ఇటూ ఉండే గైడ్లను కాగితం పట్టేంత సందు వదిలి బిగించింది. దారం బిగువు ఎరిగిన వేళ్లకు ఇదేం కొత్త కాదు. ముందుగా పనికిరాని చెక్కొకటి పెట్టి స్విచ్చి వేసింది. చెక్క తెగలేదు సరికదా, పైకెగిరి గడగడలాడింది. చూస్తే బ్లేడు పళ్లు కిందికి కాక పైకి చూస్తున్నాయి.

ఊడదీసి అటు తిప్పి వేస్తే పళ్లు వెనక్కి పోయాయి. ఇటు తిప్పితే మళ్లీ పైకే. షాపతనికి ఫోన్ చేస్తే, తప్పు మాల్ వచ్చింది, వాపస్ పంపమన్నాడు. ఇక చాలు, మిల్లుకే తీసుకుపోదామని జయశీల పలక పట్టుకుని లేచింది.

లోయిస్ చేతిలోని బ్లేడునే చూస్తూ నవ్వింది. “సుమ్నె కూచో అక్కా, గమ్మునుండు. ఇది ఉల్టా పడిండాది. కుట్లు బయటికొచ్చిన జాకెట్టు ఇది.”

తోలు తొడుగులు వేసుకుని, జాకెట్టు చెయ్యిని తిరగేసినట్టు ఆ ఉక్కు చుట్టును లోపలిది బయటికి తిరగేసింది. అది టప్పుమని విదిలించుకుని మళ్లీ గుండ్రంగా నిలిచింది. ఈసారి పళ్లు బుద్ధిగా కిందికి చూశాయి. మళ్లీ మొదటినుంచీ అన్నీ సరిచూసుకుంటే, పనికిరాని చెక్క గీత వెంబడే తెగింది.

తర్వాత నాయన పలక. లోయిస్ దాన్ని అంచు మీద నిలబెట్టి మెల్లగా రంపం మీదికి నెట్టింది. పలక రెండుగా విడింది, ఎక్కడా నూలు తేడా లేదు.

ఒకదాని మీద నాయన వీపు రాసి రాసి వచ్చిన మెరుపుంది. అక్క దాన్నే అడుగుతుందని లోయిస్‌కి తెలుసు. ఇవ్వడానికి ప్రాణం ఒప్పలేదు. అయినా పెద్దది కదా, ముందు నువ్వే ఎంచుకో అంది.

జయశీల రెండోది తీసుకుంది. బెంచీకి వెనక వైపుండే పలక అది. దాని మీద మేకుతో గీకిన ‘లోయి’ ఉంది. చివరి అక్షరం గీకేలోపే ప్రార్థన ముగిసినట్టుంది.

“గీకింది నువ్వు. నాయన అడిగితే, నీ పేరు నేనే గీకినా అని చెప్పినా. దెబ్బలు నాకే పడినాయి” అంది జయశీల. “కాబట్టి ఇది నాది.”

యాభై ఏళ్లుగా లోయిస్‌కి ఈ సంగతే తెలియదు. ఉప్పు కాగితం తీసుకుని అక్క పలక అంచులు నున్నగా రుద్దింది, ఆ గీతల జోలికి మాత్రం పోలేదు.