గంగులమ్మ గిన్నె, స్పెయిన్ వెండి

ఏడాది పాటు ఆ వెండి నాణేలతో కాపురం చేశాను. పెరూలో స్పెయిన్ రాజుగారి పేరిట ముద్రించినవి. ఓడ మునిగి రెండు వందల ఏళ్ళకు పైగా సముద్రం అడుగున పడి ఉండి, నల్లటి గడ్డలై మా దోహా మ్యూజియంకి అరువు వచ్చాయి. వాటిని శుభ్రం చేసే పని నాది. నాణెం మీద రాజుగారి ముక్కు బయటపడినప్పుడల్లా బిడ్డకు తొలిపన్ను వచ్చినంత సంబరపడ్డాను.

ప్రదర్శన ఆదివారం. గురువారం వచ్చినా లేబుల్ మీద ఓడ పేరు లేదు. సరుకు పైకి తీసిన కంపెనీ కెప్టెన్ అది 'శాంతా ఇనేస్' అనే వ్యాపార నౌక అంటాడు. మాడ్రిడ్ నుంచి వచ్చిన ప్రొఫెసరుగారు 'సాన్ బెనీతో' అనే యుద్ధనౌక అంటారు. యుద్ధనౌకైతే సొత్తంతా స్పెయిన్‌ది, వ్యాపార నౌకైతే కంపెనీకి వాటా. అందుకని ఇద్దరూ అలిగిన వియ్యంకుల్లా మొహాలు తిప్పుకుని తిరుగుతున్నారు.

మా మేనేజరు ఒవైస్ హైదరాబాదువాడు. నెత్తి పట్టుకున్నాడు.

"ఏ పేరు రాసినా ఒకాయన కేసేస్త అంటుండు. శనివారం దాకా చూస్త. తేలకుంటే నీ నాణేల అద్దాల పెట్టెను గోదాముల పెట్టిస్త, అరుంధతీ. ఏమనుకోకు."

ఏమనుకోకపోవడమేమిటి! ముందు ఏడుపొచ్చింది, వెనకే కోపం వచ్చింది. వీళ్ళ పంతాలకు నా నాణేలు గోదాములో మగ్గాలా? ఇద్దర్నీ శుక్రవారం భోజనానికి పిలిచాను. ఒకరు వస్తున్నట్టు ఇంకొకరికి చెప్పలేదు.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా ఇల్లు చిన్నది, అలిగి దూరంగా కూర్చునే వీలు లేదు. పప్పు అయ్యేదాకా ఇద్దరూ ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూస్తూ తిన్నారు. పులుసు దగ్గర వాదన మొదలైంది. ప్రొఫెసరుగారి బలమంతా ఓడలో దొరికిన నేవీ ముద్రల ఫిరంగులు. కెప్టెన్ బలమంతా అక్కడే దొరికిన రాగి గంగాళం.

"దాని మీద 'శాంతా ఇనేస్' అని చెక్కి ఉంది. ఇంకేం కావాలి?" అన్నాడు కెప్టెన్.

ప్రొఫెసరుగారు పులుసు గిన్నె అందుకున్నారు. అంచు మీద అక్షరాలు చూసి ఏమిటవని అడిగారు.

"గంగులమ్మ అని పేరండీ," అన్నాను.

"మీ అత్తగారా?"

"ఎవరో నాకూ తెలియదు."

మావారు సత్యనారాయణ నవ్వాపుకోలేక అందుకున్నారు. "మావైపు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తామండి. ఇక్కడ ఎవరు ఎగ్జిట్ కొట్టుకుని, అంటే ఉద్యోగం వదిలేసి, ఇండియా వెళ్ళిపోతున్నా సామానంతా మిగతావాళ్ళకి పంచేసి పోతారు. ఈ పళ్ళెం సుధాకరరావుగారిది. మా పేరున్నది మా ఇంట్లో ఒక్కటీ లేదంటే నమ్మండి!"

ప్రొఫెసరుగారు గిన్నె పైకెత్తారు. "ఈ ఇల్లు సముద్రంలో మునిగితే, మీ కంపెనీ దీన్ని గంగులమ్మ ఇల్లనేస్తుంది!"

కెప్టెన్ ఎర్రబడ్డాడు కానీ తడబడలేదు. "మరి మీ ఫిరంగులో? అవీ చేతులు మారేవి. నేవీ అమ్మేస్తే వ్యాపారులు కొనుక్కునేవారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ప్రొఫెసరుగారే ఫక్కున నవ్వారు.

అదను చూసి అడిగేశాను. "పేరు ఇంకా తేలలేదని రాస్తాను. గంగాళం కథ, ఫిరంగుల కథ పక్కపక్కనే పెడతాను. సమ్మతమేనా?"

అవతలివాడు చెప్పిన పేరు పడనందుకే ఇద్దరికీ పరమానందం. మజ్జిగన్నంలోకి ఆవకాయ అడిగి మరీ వేయించుకున్నారు.

ఆదివారం నా పెట్టె దగ్గర నిలబడ్డానికి చోటు లేదు. వచ్చినవాళ్ళంతా రెండు పార్టీలై వాదించుకున్నారు. కెప్టెన్ ఓ పక్క, ప్రొఫెసరుగారు ఓ పక్క చేతులూపుతూ జనాన్ని తమవైపు లాక్కున్నారు. ఒవైస్ ఆ గుంపులోంచి ఎలాగో దూరి నా దగ్గరికొచ్చాడు.

"ఈ పెట్టెను ఇంకో రెండు నెలలుంచుదాం," అన్నాడు.

నాకు కళ్ళు నిండాయి. సాయంత్రానికి అద్దమంతా వేలిముద్రలు, ముక్కుముద్రలు. తుడిచే మనిషి గుడ్డ పట్టుకొస్తే, ఇవాళ్టికి అలాగే ఉండనీ, రేపు తుడుద్దువులే అని పంపేశాను.