వరసలో మూడో ఇల్లు

కువైట్ నుంచి తిరిగొచ్చేసరికి గంగాభవానికి నలభై ఆరేళ్ళు. అందులో పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే యజమానురాలి దగ్గర గడిచాయి. ఆ ఇంటి పిల్లల్ని ఎత్తుకుని తిప్పిందీ ఆమే, కుళాయిలకి వాషర్లు మార్చిందీ ఆమే, గోడ పెచ్చులూడితే పూసిందీ ఆమే. పెళ్ళయిన మూడో ఏట మొగుడు ఇంకో ఆవిడతో వెళ్ళిపోయాడు. పిల్లలు లేరు. ఊళ్ళోవాళ్ళ జాలిచూపులు భరించలేక అప్పట్లో విమానం ఎక్కేసిన మనిషి.

తమ్ముడు రమణబాబు ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాడు. "మాతోనే ఉండిపో అక్కా" అన్నాడు. ఉంది, నలభై రోజులు. మరదలు సత్యదుర్గ మంచి మనిషే. చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది. గంగాభవాని చీపురు పట్టుకుంటే లాక్కునేది. "మీరు కూర్చోండి వదినగారూ, ఇన్నేళ్ళూ చేసేరు, చాలు" అనేది. మంచినీళ్ళు కూడా గ్లాసు కింద పళ్ళెం పెట్టి తెచ్చేది. చుట్టాలకి వేసే కుర్చీలో మనిషి ఎన్నాళ్ళు కూర్చోగలదు?

బండారులంకలో ఇల్లు అమ్మకానికి ఉందంటే వెళ్ళి చూసింది. గోడకి గోడ ఆనించుకుని వరసగా అయిదు పెంకుటిళ్ళు. ఎప్పుడో నేతపని చేసే అన్నదమ్ములు కట్టుకున్నవి. అందులో మూడోది. వాసాలకి చెద, గోడల నిండా చెమ్మ, తలుపు వేస్తే పడదు, పడితే రాదు. ఎడమవైపు ఇంటికి తాళం. కుడివైపు గోడ అవతల మగ్గం ఆడుతోంది. గంగాభవాని ఊరికే గోడ మీద చెయ్యి వేసింది. ఆ చప్పుడు అరచేతిలోకి వచ్చింది.

"తీసుకుంటానండి" అంది వెంటనే. బేరం కూడా ఆడలేదు. రమణబాబు వారం రోజులు అలిగాడు.

మేస్త్రీ "రేపొస్తానండీ" అని రెండు వారాలు తిప్పాడు. మూడో వారం ఆమే అమలాపురం వెళ్ళి తాపీ, ఉలి, సుత్తి, నిచ్చెన కొనుక్కుని ఆటోలో వేసుకొచ్చింది. ముందు తలుపు పని పట్టింది. తుప్పు పట్టిన బందులు తీసి కొత్తవి వేసింది, అడుగున అర అంగుళం చిత్రిక పట్టింది. తలుపు మెత్తగా, చప్పుడు లేకుండా పడింది. "ఖలాస్!" అంది పైకే. పని అయిపోయిందంటే కువైట్ ఇంట్లో అనే మాట. అన్నాక చుట్టూ చూసుకుంది, విన్నవాళ్ళెవరూ లేరు.

తలుపుకి ఫోనులో ఫొటో తీసింది. ఎవరికి పంపాలో తోచలేదు. తమ్ముడికి పంపితే "ఎందుకక్కా నీకీ కర్మ" అంటాడు. చివరికి తన చేతుల్లో పెరిగిన కువైట్ పిల్లకి పంపింది. ఆ పిల్లకిప్పుడు పంతొమ్మిదేళ్ళు. రెండు రోజుల తరవాత బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. అంతే.

పనిలో పడితే పొద్దు తెలిసేది కాదు. కుడిపక్క ఇంటి జగ్గయ్య పొద్దున్న ఏడింటికి మగ్గం గుంటలోకి దిగేవాడు. ఆ చప్పుడు మొదలైతే ఆమె తాపీ పట్టేది. ఆయన మధ్యాహ్నం ఆపితే ఆమె అన్నం పెట్టుకునేది. అరవై అయిదేళ్ళ మనిషి, నిరుడు భార్య దుర్గమ్మ పోయింది. ఎదురుపడినప్పుడు ఆమె "బావున్నారాండీ" అంటే "ఆయ్" అనేవాడు. మూడు నెలల్లో ఇద్దరి మధ్యా నడిచిన మాటలు అన్నీ కలిపి గుప్పెడు.

ఆషాఢం దగ్గరపడుతుంటే కప్పు ఎక్కింది. ఇల్లెక్కిన ఆడమనిషిని చూడ్డానికి వీధిలో నలుగురు ఆగారు. కాసేపు చూసి వెళ్ళిపోయారు. పగిలిన పెంకులు మార్చింది. తన ఇంటికీ జగ్గయ్య ఇంటికీ మధ్య గోడ మీదుగా, రెండు కప్పులూ కలిసేచోట, సున్నంతో చేసిన సన్నటి దోని ఒకటి ఉంది. నీళ్ళు అందులో పడి వీధివైపు జారాలి. అది ఆమెవైపు బీటలిచ్చింది. గోడలో చెమ్మంతా అక్కణ్ణించే. సిమెంటు కలిపి, బీట కనపడకుండా దిట్టంగా మెత్తింది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం కుండపోతగా వాన. గంగాభవాని గదిగదీ తిరిగింది, తలెత్తి చూసింది. ఒక్క చుక్క లేదు. గోడ తడిమితే పొడిగా ఉంది. టీ పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. చాలా కాలానికి తన మీద తనకి గర్వంగా ఉంది. మగ్గం చప్పుడు ఆగిపోయిన సంగతి వాన హోరులో తెలియలేదు.

మర్నాడు ఏడయింది, ఎనిమిదయింది, గోడ అవతల చప్పుడు లేదు. ఆమెకి చెయ్యి ఆడలేదు. ఆ రోజు ఏ పనీ సాగలేదు. అన్నం ఎప్పుడు తిన్నదో గుర్తులేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దున్న వెళ్ళి తలుపు కొట్టింది.

"జగ్గయ్యగారూ, ఒంట్లో బావుందాండీ?"

"ఆయ్, బానే ఉందండీ. రండి."

మగ్గం మీద సగం నేసిన చీర. పడుగు దారాల మీద, జానెడు మేర, పెంకు మట్టి కలిసిన సిమెంటు నీళ్ళు పడి ఎండిపోయాయి. దారాలు ఒకదానికొకటి అంటుకుని కట్టెలా ఉన్నాయి. గంగాభవాని తలెత్తి చూసింది. గోడ పైన తడిమరక. తన వైపు మెత్తిన సిమెంటుకి దోని పూడిపోయి, నీళ్ళన్నీ ఇటు పొర్లాయి.

"నేనే చేసేనండీ ఇది" అంది.

"తెల్సండి."

"మరి చెప్పలేదేమండీ?"

"మీరు అంత కష్టపడి చేసుకుంటుంటే ఏమని చెప్తానండీ? ఇలాంటివి మా ఆవిడ చెప్పేదండి. నాకు చేతకాదు." ఆయన దారాలని గోటితో విడదీస్తూ తలెత్తకుండా అన్నాడు. "అది పోయేక నూలు కండెలు చుట్టుకోడం నేర్చుకున్నానండి. మాటాడ్డం మటుకు రాలేదు."

ఆమె వెళ్ళి నిచ్చెన వేసింది. సుత్తీ ఉలీ పట్టుకుని తను మెత్తిన సిమెంటంతా కొట్టేసింది. దోనిని మొదటినుంచీ చివరిదాకా తవ్వి, రెండు వైపులా సమంగా పూసింది. కింద జగ్గయ్య నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. రెండు రోజులు పట్టింది. బిందెలతో నీళ్ళు మోసి పోసి చూశారు. నీళ్ళు బుద్ధిగా వీధివైపు జారాయి.

"ఆ చీర ఎవరూ తీసుకోరు కదండీ" అంది ఆమె కిందికి దిగుతూ. "పూర్తి చేసి నాకివ్వండి."

"మరక ఉంటుందండి."

"ఉండనివ్వండి."

జగ్గయ్య నిచ్చెన వదిలాడు. "కొంగు ఇంకా నెయ్యలేదండి. ఏ రంగు వెయ్యమంటారు?"

ఇన్నేళ్ళలో గంగాభవానిని ఎవరూ ఆ మాట అడగలేదు. యజమానురాలు విడిచినవి తొడుక్కుంది, తమ్ముడు కొన్నవి కట్టుకుంది. "రేపు చెప్తానండి" అని ఇంటికొచ్చి, అద్దం ముందు నిలబడింది. ఏడుపొచ్చింది. ఎందుకో తెలియలేదు. మొహం కడుక్కుని గోడకి సున్నం వెయ్యడం మొదలుపెట్టింది. మర్నాడు చెప్పింది.

"సున్నంలో నీలిమందు కలిపితే వస్తుంది చూడండి, ఆ రంగండీ."

"ఆయ్" అన్నాడు జగ్గయ్య. మొదటిసారి నవ్వాడు.

చీర శ్రావణంలో పూర్తయింది. దసరా వెళ్ళాక ఆయన కూతురు మాధవీలత తణుకు నుంచి వచ్చింది. నాన్నకి చూపు తగ్గుతోందని, ఇంక ఒక్కణ్ణీ ఉంచనని చెప్పింది. ఆయన కాదనలేదు. కాదనడం ఆయనకి రాదు. గంగాభవాని ఆ చీర కట్టుకుని ఆటో దాకా వెళ్ళింది. జగ్గయ్య ఆమె మొహం చూడలేదు, చీర అంచు చూశాడు, కొంగు చూశాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇల్లు మీదేననుకోండి" అన్నాడు. ఆటో బండారులంక దాటి రోడ్డెక్కింది.

ఇప్పుడు రెండువైపులా తాళాలే. రమణబాబు ఫోను చేసి, "ఒక్కదానివే ఏం చేస్తావక్కా అక్కడ?" అన్నాడు.

"పనుందిరా" అంది.

కార్తీకంలో తుపాను వస్తుందని రేడియోలో చెప్పారు. గంగాభవాని నిచ్చెన తీసి, జగ్గయ్య కప్పు ఎక్కింది. కదిలిన పెంకులు నాలుగు సర్దింది. అక్కణ్ణించి చూస్తే వరసలో అయిదిళ్ళ కప్పూ ఒకటేలా కనిపించింది. ఎడమపక్క ఇంటి మీద ఎన్ని పెంకులు పోయాయో లెక్కపెట్టి, ఆ యజమాని ఫోను నంబరు ఎవరి దగ్గరుంటుందా అని ఆలోచిస్తూ, జాగ్రత్తగా ఒక్కో మెట్టూ దిగింది.