మూడు లాట్లు

దామోదర్ గారి కుడిచేతి బొటనవేలు మొద్దుబారిందని కనిపెట్టింది నేనే. కనిపెట్టాలని కనిపెట్టలేదు. నా రివాల్వర్‌లో తప్పు లేదని నిరూపించుకోవడానికి బయల్దేరి అక్కడ తేలాను. ఆయన సర్జన్. ఆయన బతుకూ, ఆయన బల్లమీద మత్తులో పడుకునేవాళ్ల బతుకులూ ఆ చేతుల్లోనే ఉండేవి. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు కాబట్టి, తెలియక చేశానని చెప్పుకునే వీలు లేదు.

అది ఎనభై మూడు. అమెరికాలో నోవై అనే ఊళ్లో ఉండేవాళ్లం. బ్రేకుల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో, పాడైన భాగం ఎందుకు పాడైందో తేల్చి చెప్పడం నా ఉద్యోగం. ఆ చలికాలానికి మా విభాగంలో పద్నాలుగుమందికి ఆరుగురం మిగిలాం. ఉద్యోగం పోయి వెళ్లినవాళ్ల బల్లలు అలాగే ఉండేవి. మొదట్లో అటు చూడకుండా నడిచేవాణ్ణి. తర్వాత చూస్తూ నడిచినా ఏమీ అనిపించేది కాదు. ఏమీ అనిపించకపోవడంలో ఒక సుఖం ఉంది, అలవాటైతే వదలబుద్ధి కాదు.

ఆదివారాలు మాత్రం దామోదర్ గారూ నేనూ షూటింగ్ క్లబ్బుకు వెళ్లేవాళ్లం. నాలుగు గోడల మధ్య రేంజి, కాగితపు టార్గెట్లు, ఇద్దరేసి జట్టుగా రివాల్వర్ పోటీలు. మా ఆవిడ పద్మిని ఈ వ్యవహారాన్నంతా 'మీ టపాకాయలు' అని తేల్చిపారేసేది. ఏప్రిల్‌లో రాష్ట్రస్థాయి పోటీ ఉంది. జట్టుగా పేరిచ్చాం.

తూటాలు మేమే తయారుచేసుకునేవాళ్లం. కాల్చిన ఇత్తడి తొడుగుల్ని ఏరుకొచ్చి మళ్లీ నింపడమన్నమాట. తొడుగు అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో ప్రైమర్ అనే బిళ్ల కూర్చుంటుంది. రివాల్వర్ సుత్తి దెబ్బ ఆ బిళ్ల మీద పడితేనే లోపలి మందు అంటుకుంటుంది. మందు కొలిచి పొయ్యడం, గుండు బిగించడం నా వంతు. ప్రైమర్లు కూర్చోబెట్టడం ఆయన వంతు. దానికి గుప్పిట్లో ఇమిడే పనిముట్టు ఉంటుంది, బొటనవేలితో మీట నొక్కాలి. బిళ్ల గుంట అడుగును తాకిందని వేలికే తెలియాలి, కంటికి తెలియదు. ఆ తర్వాత ఒకసారి అడుగున వేలు రాసి, అంతా సమంగా ఉందో లేదో చూసుకోవాలి. "నా వేళ్లకి కళ్లున్నాయోయ్" అనేవారు దామోదర్ గారు. అన్నందుకు తగ్గట్టే నాలుగేళ్లలో ఒక్క తూటా కూడా మొరాయించలేదు.

జనవరిలో మొరాయించడం మొదలుపెట్టాయి. ట్రిగ్గర్ లాగితే టక్కుమనేది, అంతే. ఆరింటిలో ఒకటి ఖాయంగా పేలేది కాదు. ఒక్కోసారి తూటాలుండే సిలిండరే తిరగకుండా పట్టేసేది.

"అది నీ గన్ ప్రాబ్లమ్," అన్నారాయన, క్లబ్బులో నలుగురూ వింటుండగా. "ట్రిగ్గర్ లైట్‌గా ఉండాలని స్ప్రింగ్ లూజ్ చేసి పెట్టావు. ఇంక హామర్‌కి ఫోర్స్ ఎక్కణ్ణించి వస్తుంది? నా గన్‌లో చూడు, అన్నీ ఫైర్ అవుతున్నాయి."

ఒళ్లు మండింది. ఎందుకంటే స్ప్రింగు మర నిజంగానే అరచుట్టు వదులు చేశాను. ఇంటికెళ్లి బిగించాను. మసి గోకాను. సుత్తి పిన్ను మార్చాను. ఫలితం లేదు. ఆయన రివాల్వర్ స్ప్రింగు గట్టిది కాబట్టి ఎలాంటి తూటానైనా పేల్చేస్తుంది, అందుకని ఆయన మాటే చెల్లుతోంది. తప్పులు పట్టి జీతం తీసుకునేవాణ్ణి, నా తుపాకీలోనే తప్పుందంటే ఎలా ఊరుకుంటాను?

ఫిబ్రవరి పదమూడు, ఆదివారం. పేలని తూటాల్ని పారెయ్యకుండా అదే రివాల్వర్‌లో పెట్టి రెండోసారి కొట్టి చూశాను. ఐదింటికి ఐదూ పేలాయి. ఇక వెతకాల్సింది పెద్దగా ఏమీ లేదు. మొదటి దెబ్బంతా బిళ్లను లోపలికి తొయ్యడానికే సరిపోతోంది. అంటే బిళ్ల అడుక్కి దిగడం లేదు. సాయంత్రం డయల్ గేజ్ పెట్టి నలభై తూటాల్లో బిళ్లల ఎత్తు కొలిచాను. సెప్టెంబర్‌లో నింపినవి అన్నీ అంచుకు కాస్త కిందికే ఉన్నాయి. కొత్తవాటిలో తొమ్మిది పైకి లేచి ఉన్నాయి. తొడుగులు అవే, ప్రైమర్లు అవే, పనిముట్టు అదే. ఆ పనిముట్టుతో నేను యాభై కూర్చోబెట్టి చూశాను, అన్నీ సరిగ్గా దిగాయి. మారింది ఆయన బొటనవేలొక్కటే.

అప్పుడే ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. మా కంపెనీలో ఒక నియమం ఉంది. తప్పు యంత్రానిది కాదు, మనిషిది అని రాయాలంటే మూడు లాట్లు, అంటే మూడు విడతల సరుకు, చూడాలి. ఒక్క లాటు చూసి మనిషి పేరు రాసేస్తే పాపం, వాడి ఉద్యోగం పోతుంది. మంచి నియమమే. మేం రెండు వారాలకో లాటు నింపేవాళ్లం. ఇరవై ఏడున రెండోది కొలిచాను, మార్చి పదమూడున మూడోది. లాటు లాటుకీ ఎక్కువ బిళ్లలు పైకి లేస్తున్నాయి. గ్రాఫు కూడా గీశాను. గెలవబోతున్నానన్న చిన్న సంతోషం తప్ప ఆ ఐదు వారాల్లో నాకు మరేమీ అనిపించలేదు.

మార్చి ఇరవై ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. బేస్‌మెంట్‌లో దామోదర్ గారు బల్ల దగ్గరున్నారు. ఆయన భార్య నళిని గారు డ్రయర్లోంచి తీసిన బట్టలు మడతపెడుతున్నారు. జేబులోంచి మూడు ఖాళీ తొడుగులు తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఒకదానిలో బిళ్ల సరిగ్గా దిగింది. ఒకదానిలో పైకి లేచింది. మూడోదానిలో బిళ్లే లేదు, బోసి గుంట.

"ఇవి నేను కూర్చోబెట్టినవి. ఎలా ఉన్నాయో చెప్పండి," అన్నాను.

ఆయన కిందికి చూడలేదు. నావైపు చూస్తూ, ఏప్రిల్ పోటీకి ఏ కార్లో వెళ్దామో మాట్లాడుతూ, ఒక్కోదాని అడుగునా బొటనవేలు రాశారు.

"గుడ్. అన్నీ బాగానే దిగాయి. పర్లేదు, నేర్చుకున్నావు."

"మూడోది చూడండి."

చూశారు. వేలు గుంట మీదే ఉంది. తీసి మళ్లీ రాశారు. కళ్లు మూసుకుని ఇంకోసారి రాశారు. నేను గ్రాఫు తియ్యడానికి జేబులో చెయ్యి పెట్టాను, కానీ తియ్యలేదు.

నళిని గారు చొక్కా మడత ఆపారు. "డిసెంబర్ నుంచి షర్ట్ బటన్స్ నేనే పెడుతున్నానండీ హరనాథ్ గారూ," అన్నారు. కోపం లేదు, ఏడుపు లేదు. "మెడలో నరం పట్టేసింది, తగ్గిపోతుంది అన్నారు. నేనూ సరేనన్నాను."

"మరి ఓటీలో?" అని అడిగాను.

"గ్లవ్స్ వల్ల అనుకున్నాను," అన్నారు దామోదర్ గారు. "తర్వాత కంటితో చూసి చేస్తే సరిపోతుందనుకున్నాను. చూసే చేస్తున్నాను." తొడుగుల్ని బల్లమీద పెట్టారు. "నీకెప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరి పదమూడున."

"ఇవాళ మార్చి ఇరవై."

మూడు లాట్ల నియమం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు, పేషెంటు చెప్పేది విన్నట్టు.

"మీ ఫ్యాక్టరీలో మూడు లాట్లు చూసేదాకా సరుకు ఏం చేస్తారు?"

"ఆపేస్తాం. షిప్ చెయ్యం."

"మరి నన్ను షిప్ చేశావేమిటి?"

నియమంలో ఆ సగం ఉందని నాకు తెలుసు. ప్రతివారం సంతకం పెట్టేది నేనే.

"ఈ ఐదు వారాల్లో పదకొండు ఆపరేషన్లు చేశాను," అన్నారు. "నిన్ననడానికి నాకు నోరు లేదులే. నాకు నీకన్నా ముందే తెలుసు. నళినికీ తెలుసు. ముగ్గురం భలే దొరికాం ఆ జనానికి."

లేచి గోడకున్న ఫోన్ దగ్గరికి వెళ్లారు. ఎడమచేత్తో నంబరు నొక్కారు. ఆయనతో పనిచేసే కుర్ర సర్జన్ శ్రీధర్‌కి.

"శ్రీధర్, రేపటి గాల్‌బ్లాడర్ నువ్వు తీసుకో. బుధవారం కేసు కూడా. లేదు, జ్వరం కాదు. చెయ్యి పోయింది నాది." అవతల ఏదో అడిగారు. "నో, ఇంక చెయ్యను. చీఫ్‌కి పొద్దున్నే నేనే వెళ్లి చెప్తాను."

ఫోన్ పెట్టేసి అక్కడే గోడవైపు తిరిగి నిలబడ్డారు. నళిని గారు వెళ్లి ఆయన కుడిచెయ్యి పట్టుకున్నారు. ఆయన కిందికి చూశాకగానీ ఆవిడ పట్టుకున్నట్టు తెలియలేదు.

నాకు సిగ్గు వేయాలి. ఏడుపు రావాలి. ఆకలి వేసింది. ఇంటికొచ్చి భోంచేశాను.

నెలకు రెండుసార్లయినా ఆయన్ని చూడ్డానికి ఇప్పటికీ వెళ్తాను. వాతావరణం మాట్లాడుకుంటాం, కార్ల గురించి మాట్లాడుకుంటాం. ఆ పదకొండుమందీ ఎలా ఉన్నారని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఆయన చెప్తారు. అందుకే అడగలేదు.