మా గేటు వైపు బాణం

ఎప్పుడో, మా తాతల తాతలు కూడా పుట్టకముందు, ఒక అన్వేషకుడు సముద్రం ఎటుందో వెతుక్కుంటూ మా కొండ దిగి ఈ ఊరి మీదుగా వెళ్ళాడట. ఆయన నడిచిన బాటని ప్రభుత్వం చారిత్రక మార్గంగా గుర్తించబోతోందని తెలిసినప్పటి నుంచి ఊళ్ళో ఎవరూ కుదురుగా లేరు. ఎడమొహం పెడమొహంగా తిరిగేవాళ్ళు కూడా ఒక్క తాటి మీదకి వచ్చేశారు. అర్జీ మీద సంతకాలు పెట్టారు, గోడలకి సున్నాలు వేశారు, కొండ మీది నుంచి బజారు దాకా గుంజలు పాతి వాటికి చెక్క బాణాలు బిగించారు. అంత ఐకమత్యం చూసి నాకే అనుమానం వేసింది.

వారం తిరక్కుండానే బాణాలు ఒక్కొక్కటే మొహం తిప్పుకోవడం మొదలైంది. సెలూన్ తమ్ముడు ఒకదాన్ని తన కొట్టు వైపు తిప్పుకున్నాడు. మందుల షాపాయన ఇంకోదాన్ని. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. మాకు దారి కళ్ళు మూసుకున్నా తెలుసు, ఇక బాణం మొహం చూసేదెవరు? వచ్చే యాత్రికులు నాలుగడుగులు చుట్టు తిరిగితే కొంపలేం మునిగిపోవు అనుకున్నాం. మూడు గదుల లాడ్జి నడుపుకునేదాన్ని, నేను మాత్రం చేతులు కట్టుకు కూర్చుంటానా? సగం కొండ మీదున్న బాణాన్ని మా పెరటి గేటు వైపు తిప్పి, ఇంకెవరూ కదపకుండా మేకు కూడా దిగ్గొట్టి వచ్చాను.

ఆ బాణానికీ మా గేటుకీ మధ్య పాత రాతి క్వారీ ఉంది. ఊళ్ళో పసిపిల్లలు కూడా దాన్ని తప్పించి చుట్టు తిరిగే వస్తారు. అందుకే దాని సంగతి నా బుర్రకి తట్టనేలేదు.

మార్గం పరిశీలనకి ప్రభుత్వం పంపిన ఆఫీసరమ్మ పొద్దున్నే దిగింది. కొండ మీది నుంచి కొత్తవాళ్ళలాగా బాణాలు చూసుకుంటూ నడిచి వస్తానంది. తోడు ఎవరు వెళ్ళాలన్న మాట వచ్చేసరికి మా అల్లుడు ముందుకొచ్చాడు. పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు, ఊరికి కొత్త. కళ్ళద్దాల షాపులో పని. గోరంత చేసి కొండంత చెప్పుకునే రకమని కూతురి ముందు నేను చాలాసార్లు ఆడిపోసుకున్నాను.

“దారి తెలుసా బాబూ?” అన్నాను.

“బాణాలున్నాయి కదా అత్తయ్యగారూ. మీ ఊరు పెట్టిన బాణాలు చాలవా?” అన్నాడు.

ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చాడు పోన్లే అనుకుని జీపెక్కించాను.

జీపు వాళ్ళని కొండ మీద దింపి వచ్చిందో లేదో, మంచు దిగింది. నేను వంటింట్లో గ్లాసులు తుడుస్తూ కిటికీలోంచి చూద్దును కదా, పెరటి గేటే కనపడలేదు. సెలూన్ తమ్ముడు ఆఫీసరమ్మ కోసం కుర్చీలు మోసుకొస్తూ, “ఇంత మంచులో ఎలా దిగుతారక్కా? మీ అల్లుడుగారికి ఆ బాణాలే దిక్కు” అన్నాడు.

చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టానో తెలీదు. “తమ్ముడూ, సగం కొండ మీది బాణం...” అని ఆగిపోయాను. అతను నా మొహం చూశాడు. కుర్చీలు కింద పడేశాడు. అడగాల్సిన అవసరం అతనికి లేకపోయింది.

పెరటి గుమ్మం దాటుతుంటే కూతురు చెప్పుల్లేకుండా వెనకే పరిగెత్తుకొచ్చింది. “ఏమైందమ్మా? ఆయనకేమైంది?” అంటూ నా చెయ్యి పట్టుకుంది. దాన్ని అలాగే లాక్కుంటూ క్వారీ వైపు నడిచాను. అంత భయం నా జన్మలో ఎరగను. చిన్నప్పటి నుంచి నడిచిన దారే, అడుగు తీసి అడుగు వెయ్యడానికి ప్రాణాలు పోతున్నాయి. మంచులో మా పిలుపులు ఎటు పోతున్నాయో తెలియడం లేదు. సెలూన్ తమ్ముడు ముందు నడుస్తూ చేత్తో పొదలు తడుముకుంటున్నాడు. దేవుడా, ఆ మనిషిని నాకు తిరిగివ్వు, ఇంకెప్పుడూ ఒక్క మాట అనను అని లోపల్లోపల మొక్కుకుంటూనే ఉన్నాను.

ముందు దొరికింది ఆఫీసరమ్మ. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఒక పొదని పట్టుకుని ఉంది. ఆమె పక్కన ఎవరూ లేరు.

“నన్ను వెనకే ఉండమని తను ముందు నడిచాడండీ,” అంది. “ఉన్నట్టుండి కనపడలేదు. కాసేపు మాట్లాడాడు. ఇప్పుడు పలకడం లేదు.”

నేనే పిలిచాను. ఎప్పుడూ పిలవనంత ప్రేమగా, నాయనా అని పిలిచాను. జవాబు లేదు. రెండోసారి పిలిచాను. సెలూన్ తమ్ముడు పొట్ట మీద పాక్కుంటూ క్వారీ అంచు దాకా వెళ్ళి తొంగి చూసి, “మంచు తప్ప ఏమీ లేదక్కా” అన్నాడు. నేను అక్కడే కూలబడిపోయాను.

అప్పుడు లోతులోంచి దగ్గు వినపడింది. తర్వాత గొంతు.

“అత్తయ్యగారూ, మీరా?”

“నేనే నాయనా. నేనే.”

“బండ మీద పడ్డాను. కాలు విరిగినట్టుంది, కదలడం లేదు. కింద ఇంకా చాలా లోతుంది.”

సెలూన్ తమ్ముడు తాళ్ళ కోసం, మనుషుల కోసం ఊళ్ళోకి పరిగెత్తాడు. నేను పాకుతూ అంచు వైపు జరిగాను. గడ్డి గరగరలాడిన చప్పుడు కింద అల్లుడికి వినపడినట్టుంది.

“వద్దు, ముందుకి రాకండి,” అన్నాడు కంగారుగా. “అమ్మాయిని కూడా రానివ్వకండి. పైనున్న బాణాన్ని మాత్రం నమ్మకండి అత్తయ్యగారూ. ఎవరో తిప్పేశారు. మేకు కూడా కొట్టారు. మీరు దాన్నే చూసుకుని నడిస్తే పడిపోతారు.”

కూతురు నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. “ఎవరు తిప్పుంటారమ్మా?” అంది ఏడుస్తూ.

“నేనే తిప్పాను,” అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. నెమ్మదిగా నా చెయ్యి వదిలేసి అవతలికి జరిగి కూర్చుంది.

“వినపడుతోందా అత్తయ్యగారూ?” అని ఆయన కింది నుంచి అడుగుతూనే ఉన్నాడు. “మీరు బాగానే ఉన్నారా?”