జమ్ము మూసిన మడుగు

అడవులదీవి వెనక చిత్తడిలో చేపలు పట్టుకునే వంతులు ఏటా చీటీలు వేసి పంచుకుంటారు. ఈసారి కాలవకు తూర్పు ముక్క ఎజ్రాకు, పడమటి ముక్క శివనాగరాజుకు వచ్చాయి. ఎజ్రా ముక్కలో కొరమీను. నాగరాజు ముక్కలో మనిషెత్తు జమ్ముగడ్డి. వల విసరడానికి చాపంత మేర నీళ్ళైనా లేవు.

ఎజ్రా టీవీఎస్ మీద బుట్ట కట్టుకుని రేపల్లె పోతుంటే నాగరాజు కడుపు మండేది. పెళ్ళాం పోయిన ఇంట్లో తనే ఇంత పచ్చడి మెతుకులు కలుపుకుంటాడు. అవతల గట్టు మీద ఎజ్రా భార్య పులుసు కాస్తే ఆ వాసనకు తలుపు మూసుకునేవాడు.

ఒకనాడు కళ్ళారా చూశాడు. ఎప్పటి ఉప్పెనకో కట్లు తెంచుకుపోయిన గేదెల సంతతి, మనిషి చెయ్యి ఎరగని మంద, ఎజ్రా ముక్కలో దిగింది. జమ్ము నమిలింది, తొక్కింది, బురదలో పొర్లింది. పొర్లిన చోటల్లా నీళ్ళు తేలాయి.

"వాటికేం పెడుతున్నావురా?" అని గట్టు మీంచి అరిచాడు.

"నేనేం పెడతాను బాబాయ్? వేసవిలో నీ ముక్కకి తుమ్మకంప అడ్డం కొట్టింది నువ్వే కదా."

"వలలు తొక్కేస్తాయని కొట్టానురా."

"వలలు భద్రంగానే ఉన్నాయిగా, దండెం మీద."

ఎజ్రా సాయం వస్తానన్నా నాగరాజు రానివ్వలేదు. చేతులు చీరుకుపోతున్నా కంపంతా ఒక్కడే లాగేశాడు. మంద రాలేదు. మర్నాడు తొట్టి నిండా తవుడు కలిపి గట్టున పెట్టి, "దా... దామ్మా, దా" అని పిలిచాడు. ముందున్న ముసలి గేదె తలెత్తి బుసకొట్టింది. మంద మొత్తం ఎజ్రా బురదలోకి ఇంకా లోపలికి పోయింది.

ఎజ్రా పడీ పడీ నవ్వాడు. "పాడి గేదెలనుకున్నావా ఏంటి బాబాయ్? తొట్టి తీసేసి ఇంటికి పో. మనిషి వాసన లేకపోతే అవే వస్తాయి."

నిజమేనని నాగరాజుకు తెలుసు. కానీ తను ఇంటికి పోతే ఎజ్రా బుట్టలో ఏం పడిందో చూసేదెవరు? తొట్టి పక్కనే చతికిలబడ్డాడు. మర్నాడూ వచ్చాడు. వానాకాలమంతా వస్తూనే ఉన్నాడు. జమ్ము గట్టు మీద కూర్చున్న అతని తల దాటి పెరిగింది. అవతలేం జరుగుతోందో చూడాలంటే నిలబడాల్సి వచ్చేది. నిలబడేవాడు.