నీళ్ళు వెనక్కి వచ్చిన వారం

మా సరస్సు ఏటా ముప్ఫై అడుగులు వెనక్కి పోతుంది. మా మొక్క గింజ మాత్రం తల్లి పక్కనే, జానెడు దూరంలో రాలుతుంది. కాళ్ళు తడిలో, తల ఎండలో ఉంటే తప్ప బతకని ఆ మొక్క నీళ్ళ వెంట ఎంతకని పరిగెడుతుంది? అందుకే ఏటా వేసవిలో మట్టితో సహా పెకలించి కొత్త ఒడ్డుకు చేర్చడం నా ఉద్యోగం. ఆవగింజంత పువ్వు కోసం ఇంత గొడవా అని ఆఫీసులో నవ్వుతారు. నవ్వనీ.

మోతకు తోడు మా అక్క మొగుడు, సరస్సు కాపలాదారు. "మరదలా, నీ పిల్లల్ని స్నానానికి తీసుకెళ్దామా?" అంటూ ట్రేలు నెత్తికెత్తుకునేవాడు. పదేళ్ళుగా ఇదే వేళాకోళం.

ఈ ఏడు మిగిలినవి నలభై రెండు కుదుళ్ళు. లోకంలో ఇంకెక్కడా లేవు.

"సగం ఇక్కడే ఉంచుదాం. బిందెలతో నేను తడుపుతాలే," అన్నాడు బావ.

"ఈ ఎండకి నీ బిందెలు ఏ మూలకి? మొక్కల సంగతి నాకు చెప్పకు బావా."

నోరు జారాను. ఆయన ట్రేలు నెత్తికెత్తుకున్నాడు. నలభై రెండూ మోశాడు.

కొత్త ఒడ్డున నాటిన నాలుగో రోజు ఎగువన కుండపోత. పదకొండేళ్ళుగా మొహం చాటేసిన నీళ్ళు తెల్లారేసరికి పైకి వచ్చేశాయి. వేళ్ళు ఇంకా పట్టుకోని నా కుదుళ్ళన్నీ కొట్టుకుపోయాయి. నీళ్ళు సరిగ్గా మేం వాటిని పెకలించిన గుంటల దాకా వచ్చి ఆగాయి.

ఊరంతా ఒడ్డుకొచ్చి ఫోటోలు దిగింది. మా పెద్దాఫీసరు మిఠాయి పంచుతూ నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. ఉన్నచోటే ఉంచితే బతికేవి. నేనే చంపాను. బాత్‌రూమ్ తలుపేసుకుని ఏడ్చాను.

బావ రెండు రోజులు నడుంలోతు నీళ్ళలో తిరిగాడు. 'నేను చెప్పలేదా' అని ఒక్కసారైనా అంటాడేమోనని చూశాను. తిట్టినా బాగుండేది.

మూడో రోజు సాయంత్రం మా ఆఫీసు గ్రీన్‌హౌస్ గుమ్మంలో నిలబడ్డాడు. దోసిట్లో బురద, అందులో పచ్చటి కుదురు.

"దొరికింది. ఒక్కటే."

చూడగానే తెలిసిపోయింది. ఎక్కడ పడితే అక్కడ మొలిచే మామూలు గడ్డి. పదేళ్ళు మోసిన మనిషి, కళ్ళు మూసుకుని తడిమినా ఏది ఏదో చెప్పగలడు. ఆయన తలెత్తి నా వైపు చూడలేదు.

"ఇదే బావా," అన్నాను.

కుండీ తెచ్చాను. ఇద్దరం కూర్చుని దాన్ని నాటాం.